ఆర్మర్డ్ కోర్ 6: మా బావమరిది చేతిలో తన్నులు తిని నేర్చుకున్న ఆట

ముందే చెప్పేస్తున్నా, నేను గేమర్‌ని కాదు. ముప్పై ఆరేళ్ళ వయసు, నడుం నొప్పి, బెంగళూరులో కుందనహళ్లి గేటు దగ్గర అద్దె ఇల్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు. ఇంజనీరింగ్‌లో హాస్టల్ కుర్రాళ్లతో కలిసి కౌంటర్ స్ట్రైక్ ఆడటమే ఆఖరు. నిరుడు వేసవిలో మా బావమరిది ఇంటర్న్‌షిప్ ఉందని కర్నూలు నుంచి వచ్చి మా హాల్లో పరుపేసుకున్నాడు. వాడి వెంట ఒక సూట్‌కేసు, మా అత్తగారు కట్టిచ్చిన బొరుగుల మూట, ఇటుకంత బరువున్న గేమింగ్ లాప్‌టాప్. రాత్రి పదింటికి దాన్ని మా టీవీకి తగిలించి ఆడేవాడు. మూడో రోజు రాత్రి నీళ్ళు తాగడానికి లేచి, తెర మీద రెండు ఇనుప దిమ్మెలు గాల్లో గిరగిరా తిరుగుతూ ఒకదాన్నొకటి కుమ్ముకుంటుంటే చూస్తూ నిలబడిపోయాను. గ్లాసు చేతిలోనే ఉంది. "కూర్చో బావా, ఊరికే చూస్తే ఏమొస్తది" అన్నాడు వాడు. కూర్చున్నాను. అంతే, ఏడు నెలలు.

ఆట పేరు ఆర్మర్డ్ కోర్ 6, ఫైర్స్ ఆఫ్ రూబికాన్. ఎల్డెన్ రింగ్ చేసిన జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌దే ఇదీ. 2023 ఆగస్టు 25న వచ్చింది. ఈ వరసలో మొదటి ఆట 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిందంటే మా బావమరిది అప్పటికి పుట్టనే లేదు. 2013లో ఒకటి వచ్చాక పదేళ్ళు ఆపేసి దీన్ని తీశారు, అందుకని పాతవేవీ ఆడకపోయినా పర్లేదు, కథ ఇక్కడే మొదలవుతుంది. రూబికాన్ 3 అనే గ్రహం, కోరల్ అనే ఇంధనం, దానికోసం కొట్టుకునే కంపెనీలు, మధ్యలో పెద్ద రోబో ఎక్కి కూలికి పోరాడే మనం. మన పేరు కూడా ఒక నంబరే, 621. కథ బాగుంది గానీ నేను రాయాలనుకున్నది దాని గురించి కాదు. ఇందులో అరీనా అని ఒకటుంది, ఎదురుగా ఒకడు, ఇటు మనం, నాలుగు గోడలు. తెలుగులో దానికి ఎప్పుడో పేరుంది, బరి. ఆ బరిలో ఎలా గెలవాలో ఈ ఆట ఎంతవరకు నేర్పుతుంది, ఎక్కడ మనల్ని గాలికొదిలేస్తుంది, నా గొడవంతా అదే.

మొదట నేను చేసిన తప్పు అందరూ చేసేదే. నాలుగు ఆయుధాలున్నాయి, రెండు చేతుల్లో రెండు, వీపు మీద రెండు, కంట్రోలర్‌లో నాలుగు మీటలూ ఒకేసారి నొక్కి పట్టుకున్నాను. తెరంతా పొగ, మంటలు, దీపావళి. ఎదుటివాడి రక్తం (ఆటలో దాన్ని ఏపీ అంటారు, నేను రక్తమనే అంటాను) మాత్రం గీరినంత కూడా తగ్గట్లేదు. మొదటి మిషన్‌లోనే చివర ఒక పెద్ద హెలికాప్టర్ వస్తుంది, ఆట మొదలెట్టి పావుగంట కూడా అవ్వదు, దాని చేతిలో నేను పదకొండు సార్లు చచ్చాను. దూరంగా నిలబడి తుపాకీ పేలుస్తూ ఉన్నాను, అది నా మీద క్షిపణులు కురిపిస్తూ ఉంది. పన్నెండోసారి విసుగొచ్చి తిన్నగా దాని మీదకే ఎగిరి, ఎడమ చేతిలో ఇచ్చిన కత్తితో నరికాను. అరే, సగం అయిపోయింది! ఆ హెలికాప్టర్‌ని అక్కడ పెట్టింది అందుకేనట, దూరంగా ఉంటే పని జరగదని చెప్పడానికి. నోటితో చెప్పొచ్చు కదా అంటే, చెప్పరు. ఈ కంపెనీ వాళ్ళ అలవాటే అంత, ముందు తన్ని తర్వాత కూడా చెప్పరు.

అసలు కిటుకు ఎక్కడుందంటే, రక్తం పట్టీ కాకుండా ఇంకో పట్టీ ఉంటుంది. ప్రతి దెబ్బకీ అది కొంచెం కొంచెం నిండుతుంది. దెబ్బలు ఆగితే మెల్లగా దిగిపోతుంది. పూర్తిగా నిండితే ఆ రోబో కాసేపు కొయ్యబారిపోతుంది, స్టాగర్ అంటారు, ఆ కాసేపట్లో తగిలిన దెబ్బ మామూలు దెబ్బ కాదు, ఎముక విరిగే దెబ్బ. మనకీ అదే రూలు. అంటే ఆట మొత్తం రెండు పనులు: ముందు వాడి తూకం తప్పించు, తప్పాక బలంగా వెయ్యి. తూకం తప్పించే ఆయుధాలు వేరు, బలంగా వేసే ఆయుధాలు వేరు. మెషిన్ గన్ లాంటివి పట్టీని దిగకుండా నిలబెడతాయి, గ్రెనేడ్ ఫిరంగి ఒక్కసారిగా పైకి నెడుతుంది, కత్తి చివర్లో పనికొస్తుంది. నేను నాలుగూ ఒకేసారి పేల్చేసి, వాడు కొయ్యబారే సరికి నా చేతిలో అన్నీ రీలోడ్ అవుతూ ఉండేవి. పెళ్ళిలో వడ్డన మొదలయ్యే సరికి ఆకులు అయిపోయినట్టు.

ఇది నాకు అర్థమవడానికి రెండు వారాలు పట్టింది. పట్టీ ఉందని తెలుసు, నిండుతుందని తెలుసు, కానీ కళ్ళు దాని మీద ఉండవు. కళ్ళు ఎదుటివాడి బొమ్మ మీదే ఉంటాయి. మా బావమరిది ఒకరోజు సోఫాలో పడుకుని, "బావా, వాన్ని చూడొద్దు, పట్టీని చూడు, వాడు యాడికి పోతాడు, ఆ నాలుగు గోడల్లోనే గదా ఉండేది" అన్నాడు. ఆ రోజు నుంచి పట్టీని చూడటం అలవాటు చేసుకున్నాను. ముప్పావు వంతు నిండేదాకా కుడి చేయి మాత్రమే, నిండబోతుందనగా వీపు మీద ఫిరంగి, కొయ్యబారగానే కత్తి. గబగబా నొక్కడం మానేసి ఒకటొకటిగా నొక్కడం మొదలెట్టగానే అదే రోబోతో, అవే ఆయుధాలతో గెలవడం మొదలైంది. ఒక్క రూపాయి భాగం కూడా మార్చలేదు.

రెండోది ఎనర్జీ. ఎగరడానికీ, పక్కకి చటుక్కున జరగడానికీ, దూసుకెళ్ళడానికీ అన్నిటికీ ఒకటే ట్యాంకు. ఇది చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాళ్ళకి వివరించక్కర్లేదు. కూతకెళ్ళినవాడు అవతలి గడిలో ఎంత విన్యాసం చేసినా, ఊపిరి అయ్యేలోపు గీత తాకాలి. ఇక్కడా అంతే. ట్యాంకులో కొంచెం మిగుల్చుకుని ఆగితే అది గబుక్కున నిండుతుంది. సున్నా చేసుకున్నావా, మళ్ళీ నిండటం మొదలవడానికే చాలాసేపు పడుతుంది, ఆ సేపంతా నువ్వు అవతలి గడిలో ఊపిరి అయిపోయి నిలబడ్డ కూతగాడివి. నేను కంగారు మనిషిని. నా పట్టీ నిండుతోందంటే చాలు, పక్కకి జరిగే బటన్ టకటకా నాలుగుసార్లు కొట్టేవాడిని. మొదటి రెండు జరుగుళ్ళు పనికొచ్చేవి, మిగతా రెండూ భయానికి.

క్షిపణులైతే ఊళ్ళో పొగరెక్కిన ఎద్దు లాంటివి. దూరంగా ఉండగానే పక్కకి పరిగెత్తితే అదీ అటే తిరుగుతుంది. కొమ్ములు దగ్గరకొచ్చేదాకా నిలబడి అప్పుడు అడ్డంగా తప్పుకుంటే తిరగలేక పోతుంది. నిలబడటమే కష్టం. పెద్ద దెబ్బ వచ్చే ముందు ఆటలో ఒక హెచ్చరిక కూత వినిపిస్తుంది, నాకు మొదట్లో అది వినగానే వేళ్ళు వాటంతటవే నొక్కేసేవి, ఇప్పుడు విన్నాక మనసులో "ఒక్కటి" అనుకుని నొక్కుతున్నాను. ఇంతకంటే శాస్త్రం ఏమీ లేదు.

ఇక గ్యారేజీ. ఈ ఆటలో సగం యుద్ధం బరి బయటే జరుగుతుంది. తల, మొండెం, చేతులు, కాళ్ళు, ఇంజిన్, గురిపెట్టే కంప్యూటర్, అన్నీ విడివిడిగా కొనుక్కుని బిగించుకోవాలి. కాళ్ళు మోయగలిగినంత బరువే ఎక్కించాలి, జనరేటర్ ఇవ్వగలిగినంత కరెంటే వాడాలి. ఇక్కడ ఒక గొప్ప మాట చెప్పాలి. షాపులో ఏ ధరకి కొన్నామో అదే ధరకి తిరిగి కొంటారు. ఒక్క పైసా కోత ఉండదు. ఎనిమిది భాగాలు కొని, బాగోలేకపోతే ఎనిమిదీ అమ్మేసి వేరేవి తెచ్చుకోవచ్చు. ఓడిపోతే డబ్బు పోతుందన్న టెన్షన్ లేదు, కాబట్టి ఎంత పిచ్చి ఆలోచననైనా చేసి చూడొచ్చు. నా దృష్టిలో ఈ ఆట ఎత్తులు నేర్పేది ఇక్కడే, ఎందుకంటే ఓడినప్పుడు "నేను చేతగానివాణ్ణి" అనుకోకుండా "కాళ్ళు మార్చి చూద్దాం" అనుకుంటాం. దీనికి ముందు ఫోన్‌లో ఉచితంగా దొరికే ఒక రోబో ఆట ఆడాను, పేరెందుకు, అందులో ఓడితే మార్గం ఒకటే, క్రెడిట్ కార్డు.

బయటి ప్రపంచంలో మాత్రం కొన్న ధరకి ఎవరు కొంటారు. ఎస్పీ రోడ్డులో ఒక షాపులో కంట్రోలర్ కొన్నాను. మూడు వారాలకి రోబోని నడిపే ఎడమ పుల్ల తనంతట తానే ఎడమకి జరగడం మొదలెట్టింది. పట్టుకెళ్తే బిల్లు మీద ముద్ర లేదు సార్ అన్నాడు. ముద్ర వెయ్యాల్సింది వాడే. ఇందులో నవ్వొచ్చే సంగతేంటంటే, వారం రోజులు నా రోబో నెమ్మదిగా ఎడమకి జారుతుంటే నేను అది నా కొత్త ఎత్తు అనుకున్నాను. వరసగా మూడు గెలిచాను కూడా! మా బావమరిది చూసి, "బావా, నువ్వు చెయ్యి తీసినా అది నడుస్తాంది" అన్నాడు.

కాళ్ళ దగ్గర కాసేపు ఆగాలి. మాది భీమవరం పక్కన పల్లె. మా తాతయ్య సంక్రాంతికి ముందు పుంజుని చూడటానికి వెళ్తే ఈకల రంగు గురించి అందరూ మాట్లాడుతుంటే ఆయన వంగి కాళ్ళు చూసేవాడు. ఈ ఆటలోనూ ముందు కాళ్ళే. మామూలు రెండు కాళ్ళు అన్నిటికీ మధ్యస్తం. మోకాలు వెనక్కి వంగే కాళ్ళున్నవి పైకి బాగా ఎగురుతాయి. నాలుగు కాళ్ళవి గాల్లో నిలబడి ఉండగలవు. ట్యాంకు కాళ్ళవి చాలా బరువు మోస్తాయి, నేల మీద దొర్లుకుంటూ పోతాయి. రెండు కాళ్ళ మీద పెద్ద గ్రెనేడ్ ఫిరంగి పేల్చాలంటే రోబో ఒక్క క్షణం ఆగి నిలదొక్కుకోవాలి, ఆ ఒక్క క్షణం చాలు ఎదుటివాడికి. ట్యాంకుకి ఆ బాధ లేదు. నాలుగు కాళ్ళది గాల్లో తేలుతున్నప్పుడు లేదు. అంటే కాళ్ళు మార్చామంటే నడక ఒక్కటే మారదు, ఏ ఫిరంగి పెట్టుకోవాలో, ఎప్పుడు పేల్చాలో అన్నీ మారిపోతాయి. ఇది ఎక్కడా పెద్ద అక్షరాలతో రాసి ఉండదు. నేను రెండు కాళ్ళ మీద సాంగ్‌బర్డ్స్ అనే జంట గ్రెనేడ్ ఫిరంగి పెట్టుకుని నెల రోజులు తిన్న తన్నులన్నీ ఆ ఆగే క్షణంలోనే తిన్నాను. నాలుగు కాళ్ళకి మారిన రాత్రి మా ఆవిడని లేపి చూపించాను. "ఆ ఇనుప బొమ్మకి కాళ్ళు మార్చడానికి గంటన్నర కూర్చున్నావు, మిక్సీ జారుకి బుష్ మార్చి తెమ్మని మూడు వారాల నుంచి చెప్తున్నా" అని అటు తిరిగి పడుకుంది. న్యాయమే.

బరి విషయానికొస్తే, కథలో కొన్ని మిషన్లు అయ్యాక తెరుచుకుంటుంది. ఎఫ్ నుంచి ఎస్ దాకా శ్రేణులు. అందరికంటే కింద ఉన్నవాడి పేరు ఇన్విన్సిబుల్ రమ్మీ, అజేయుడు అని బిరుదు, స్థానం ఆఖరు. ఇలాంటి ఎకసెక్కాలు ఈ ఆటలో బోలెడు. ప్రతి వాడికీ నాలుగు లైన్ల చరిత్ర రాసి ఉంటుంది, చదవండి, బాగుంటాయి. పైన ఎస్ శ్రేణిలో ఫ్రాయిడ్ అని ఒకడు కూర్చుని ఉంటాడు. గెలిచినప్పుడల్లా చిప్పులు ఇస్తారు, వాటితో రోబోకి కొత్త విద్యలు తెరుచుకోవచ్చు, కాలితో తన్నడం కూడా అలా కొనుక్కోవాల్సిందే. నా సలహా, చిప్పులు రాగానే ముందు తన్నుడు తీసుకోండి. తుపాకులన్నీ రీలోడ్‌లో ఉన్నప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోకుండా ఒక తన్ను తన్నొచ్చు, పట్టీ దిగకుండా ఉంటుంది.

మిషన్లలో మూడు రిపేర్ కిట్లుంటాయి, బరిలో ఉండవు. ఈ ఒక్క తేడాతో ఆట స్వభావమే మారిపోతుంది. మిషన్‌లో కిట్ ఉంది కదా అని ఛాతీ చూపించి వెళ్ళిపోయేవాడిని, ఇక్కడ మొదటి పది సెకన్లలో పోగొట్టుకున్న రక్తం చివరిదాకా పోయినట్టే. పైగా ఒక పోటీ ఒకటి రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ఓడితే వెంటనే మళ్ళీ. ఆఫీసు నుంచి రెండు గంటలు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర నలిగి వచ్చినవాడికి ఇంతకంటే సరిపోయే కొలత లేదు. అన్నం ఉడికేలోపు మూడుసార్లు ఓడిపోవచ్చు.

అయితే ఈ బరి బడి ఎక్కడిదాకా నేర్పుతుంది? సగం దాకా. ఒక్కో ప్రత్యర్థి ఒక్కో పాఠం లాగా ఉంటాడు. వోల్టా అనేవాడు ట్యాంకు కాళ్ళతో వస్తాడు, వాడి ముందు నిలబడి తూటాలు లెక్కపెట్టుకుంటే పోతాం, చుట్టూ తిరగాలని వాడే నేర్పుతాడు. కానీ వాళ్ళు కంప్యూటర్లు. నాలుగుసార్లు ఆడితే అలవాట్లు దొరికిపోతాయి. నేను ఒక్కొక్కణ్ణీ గెలుచుకుంటూ పై శ్రేణుల దాకా వెళ్ళి, మీసం మెలేసుకుని, మనుషులతో ఆడే నెస్ట్‌లోకి అడుగుపెట్టాను. ఒకరితో ఒకరు ఆడొచ్చు, ముగ్గురు ముగ్గురు జట్టుగా ఆడొచ్చు, 2023 డిసెంబర్‌లో ర్యాంకులు కూడా పెట్టారు. మొదటి రాత్రి తొమ్మిది ఆటలు ఆడాను, తొమ్మిదీ పోయాయి. ఒకటైతే ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. మనిషి కంప్యూటర్‌లా ఎదురుగా వచ్చి నిలబడడు. మన ఎనర్జీ ఎప్పుడు అయిపోతుందో లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

ఆ లెక్కపెట్టేవాడు ఎలా ఉంటాడో దగ్గర్నుంచి చూపిస్తాను. ఇంటర్న్‌షిప్ అయిపోయి మా వాడు కర్నూలు వెళ్ళిపోయాడు, నేను సేల్‌లో ఆట సొంతంగా కొనుక్కున్నాను, ఆదివారం రాత్రి ఆన్‌లైన్‌లో గది పెట్టుకుని ఇద్దరమే ఆడుతున్నాం. వాడిది మోకాలు వెనక్కి వంగే తేలిక కాళ్ళు, రెండు చేతుల్లో రెండు జిమ్మర్‌మాన్ షాట్‌గన్లు. నాది నాలుగు కాళ్ళు, వీపు మీద సాంగ్‌బర్డ్స్, కుడి చేతిలో మెషిన్ గన్. మొదలవగానే నేను గాల్లోకి లేచి తేలుతూ ఫిరంగి పేల్చాను, తగిలింది, వాడి పట్టీ సగానికి వచ్చింది. సంబరం. మెషిన్ గన్‌తో దిగకుండా పట్టుకున్నాను. వాడు పారిపోలేదు, గోడ దగ్గరికి వెళ్ళి ఆగాడు. ఇంకో ఫిరంగి దెబ్బ తగిలితే కొయ్యబారతాడు. ఎదురుచూస్తున్నాను, రీలోడ్ అయింది, పేల్చాను, వాడు ఒక్కటే ఒక్కసారి పక్కకి జరిగాడు, నా గుండు గోడకి తగిలి పేలింది. అప్పటిదాకా తేలుతూనే ఉన్నాను కదా, ట్యాంకు చూసుకోలేదు. అయిపోయింది. నాలుగు కాళ్ళూ బస్తా పడ్డట్టు దిగాయి. వాడు నేల మీద నిలబడి ట్యాంకు నింపుకుని ఉన్నాడు. వచ్చి కుడి షాట్‌గన్, ఎడమ షాట్‌గన్, ఒక తన్ను, నా రోబో కొయ్యబారింది, మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. ఫోన్ స్పీకర్‌లో వాడి గొంతు: "మొదటి దెబ్బ తగిలినాక దిగాల్సింది బావా. నువ్వు ఇంకా కొడ్దామని ఆడ్నే ఉండిపోయినావు. నేను గోడ కాడ నిలబడింది ఎందుకనుకున్నావు?" నేనేమనుకున్నానంటే, వాడు ఇరుక్కున్నాడనుకున్నాను.

ఈ సంగతి బరిలో ఏ కంప్యూటర్ ప్రత్యర్థీ నాకు నేర్పలేదు. ఇరుక్కున్నట్టు నటించడం వాళ్ళకి రాదు. కాబట్టి ఎత్తులు నేర్చుకోవాలని కొనేవాళ్ళకి నేను చెప్పేదేంటంటే, ఒంటరిగా ఆడితే చేతులు అలవాటవుతాయి, పట్టీ చూడటం వస్తుంది, కాళ్ళ సంగతి తెలుస్తుంది. ఆ పైన మీకంటే కొంచెం బాగా ఆడే, ఓపికున్న మనిషి ఒకడు కావాలి. చాలా బాగా ఆడేవాడు వద్దు, ఏం జరిగిందో తెలిసేలోపు చంపేస్తాడు.

ఫిర్యాదులు చాలా ఉన్నాయి. భాగాల పేర్లు చూస్తే బ్యాంకు పాస్‌వర్డుల్లా ఉంటాయి. మొదట్లో ఇచ్చే క్షిపణి పేరు బీఎమ్‌ఎల్ జీ1 పీ20 ఎమ్‌ఎల్‌టీ 04. దీన్ని ఎవరికైనా ఫోన్‌లో చెప్పి చూడండి. మేమిద్దరం మా పేర్లు పెట్టుకున్నాం, అది జంతికల గిద్ద, సాంగ్‌బర్డ్స్ అత్తగారు, ఆష్‌మీడ్ అని ఒక గునపం లాంటిది ఉంటుంది, దాన్ని మేకు అంటాం. ఒక్కో భాగానికి పుంఖానుపుంఖాలుగా అంకెలు ఇస్తారు, ఏ అంకె ముఖ్యమో చెప్పరు. ఉదాహరణకి, తుపాకీకి ఒక దూరం రాసి ఉంటుంది, ఆ దూరం దాటితే తూటా తగిలినా జారిపోతుంది, దెబ్బ దాదాపు పడదు. నేను మొదటి నెలంతా ఆ జారిపోయే దూరంలోనే నిలబడి "ఈ తుపాకీ పనికిరాదు" అని అమ్మేస్తూ వచ్చాను. చేతులకి అదురు తట్టుకునే శక్తి అని ఇంకో అంకె, అది తక్కువైతే రెండు తుపాకులూ ఆపకుండా పేల్చినకొద్దీ తూటాలు చెల్లాచెదురు. గురిపెట్టే కంప్యూటర్‌లో దగ్గర, మధ్య, దూరం అని మూడు విడివిడి అంకెలు, షాట్‌గన్ వాడేవాడికి దగ్గర అంకె కావాలి, నేను మూడూ కూడి సగటు చూసుకుని కొన్నాను, ఎక్సెల్ బుద్ధి. ట్రైనింగ్ అని చిన్న చిన్న పాఠాలు ఉన్నాయి, పూర్తి చేస్తే కొన్ని భాగాలు ఉచితంగా కూడా ఇస్తారు, తప్పకుండా చెయ్యండి, కానీ ఇలాంటి లోతు సంగతులు వాటిలో లేవు. మెనూల్లో అక్షరాలు ఎంత చిన్నవంటే టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చదివాను.

గోడ మూలలో ఇరుక్కుంటే కెమెరా పిచ్చెక్కిపోతుంది, ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలియదు. ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే వీలు లేదు, ఇది నాకు పెద్ద లోటు, వాడు మా ఇంట్లో ఉన్న రెండు నెలలూ ఒకడు ఆడుతుంటే ఒకడు చూడటమే అయింది. మనుషులతో ఆడేచోట రాత్రి ఆలస్యమైతే కొన్నిసార్లు ప్రత్యర్థి దొరక్క టీ పెట్టుకునేంత సమయం పడుతుంది. దొరికినవాళ్ళలో చాలామంది మా వాడిలాగే రెండు జిమ్మర్‌మాన్లు పట్టుకుని వస్తారు. అప్‌డేట్లలో దాని బలం తగ్గించారు, అయినా అందరి చేతుల్లోనూ అదే. వందల భాగాలిచ్చి అందరూ ఒకే వంట వండుతుంటే చిరాకేస్తుంది. కానీ ఒకటి, ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే తెలుసు కాబట్టి నాలాంటివాడికి చదువుకోవడానికి తేలిక. షాట్‌గన్‌వాడికి దగ్గరికి రావాలి. రానివ్వకుండా ఉండటం కంటే, వచ్చేటప్పుడు ఎంత ఎనర్జీ ఖర్చు పెట్టి వచ్చాడో చూసుకుని అప్పుడు కొట్టడం మేలు.

మొదటి అంకం చివర బాల్టియస్ అని ఒకడొస్తాడు, క్షిపణుల వాన, చుట్టూ మెరుపు కవచం. చాలామంది అక్కడే ఆట వదిలేస్తారు. విడుదలైన కొన్నాళ్ళకే ఒక అప్‌డేట్‌లో కాస్త మెత్తబరిచారు కూడా. వదలకండి, ఎడమ చేతిలో పల్స్ గన్ పెట్టుకుని వెళ్ళండి, కవచం ఉల్లిపొరలా ఊడుతుంది. అంతకుమించి చెప్పను, అక్కడ తిట్టుకుంటూ నేర్చుకున్నదే తర్వాత బరిలో పనికొస్తుంది.

లాప్‌టాప్ గురించి అడుగుతారు కాబట్టి: నాది మూడేళ్ళ పాతది, గ్రాఫిక్స్ మధ్యస్తంగా పెట్టుకుంటే హాయిగా ఆడుతోంది. పీసీలో సెకనుకి 120 ఫ్రేముల దాకా వస్తుంది, మీ మెషిన్‌కి ఆ సత్తా ఉంటే. కీబోర్డు మీద ఆడేవాళ్ళున్నారు, నాకు మాత్రం కంట్రోలర్ లేకుండా కుదరలేదు, నాలుగు ఆయుధాలు నాలుగు మీటల మీద ఉంటేనే చేతికి అర్థమవుతుంది. బిల్లు మీద ముద్ర వేయించుకోండి. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, సగం ఎత్తులు చెవులతోనే తెలుస్తాయి, పైగా మా పై అంతస్తు ఓనరమ్మ "ఏనప్పా రాత్రియెల్లా ఢం ఢం" అని రెండుసార్లు అడిగింది.

పూర్తి ధరకి కొనాలా అంటే, వద్దు, సేల్ వచ్చేదాకా ఆగండి, తరచుగానే వస్తుంది. ఒంటరిగా కథ కోసం ఆడేవాళ్ళకి పదికి ఎనిమిది ఇస్తాను. ఒకసారి పూర్తి చేస్తే అయిపోదు, మూడు ముగింపులున్నాయి, రెండోసారి మూడోసారి ఆడితే కొత్త మిషన్లు వస్తాయి. ఎత్తులు నేర్చుకోవడానికైతే తొమ్మిది, అది కూడా పక్కన ఎవరైనా ఉంటే. ఎవరూ లేకపోతే ఆరున్నర. అరగంటలో గెలిచి మురిసిపోవాలనుకునేవాళ్ళు దీని జోలికి రాకండి, ఫోన్‌లో వేరేవి ఉన్నాయి.

రోబో మీద మన సొంత గుర్తు గీసుకోవచ్చని చెప్పడం మర్చిపోయాను. గుండ్రాలు, గీతలు, త్రికోణాలు పేర్చుకుంటూ బొమ్మ చేసుకోవాలి. ఒక శనివారం మధ్యాహ్నమంతా కూర్చుని నేను ఆవకాయ జాడీ గీశాను, గోధుమరంగు మూత, కింద తెల్లది, పక్కన ఒక ఎర్ర చుక్క. బాగా వచ్చింది. మొన్న ఆదివారం వాడు కొత్త రోబోతో వచ్చాడు, భుజం మీద కొత్త గుర్తు, దగ్గరికొచ్చేదాకా ఏంటో కనపడలేదు. తన్నేటప్పుడు కనిపించింది. మిక్సీ జారు. మా ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పినట్టుంది. ఇప్పటికి లెక్క, వాడు నలభై ఒకటి, నేను తొమ్మిది. జారు ఇంకా తేలేదు.